క్షయ పరీక్ష ఉచితమే – మరి ఖర్చు ఎక్కడ?

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసి పంపమని వార్డెన్ సార్ కబురు చేశారు. మేము ఈ హాస్టల్లోనే ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నాం. ప్రస్తుతం ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మాతోనే మొదలు. చదివేది సూక్ష్మజీవుల శాస్త్రం కాబట్టి సూక్ష్మజీవి మీదే రాద్దామనుకున్నాం. కానీ రాయడం మొదలుపెట్టాక ఇందులో సూక్ష్మజీవి కంటే రూపాయల లెక్కే ఎక్కువైంది. పదో తరగతి తమ్ముళ్లు భయపడనక్కర్లేదు, కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

క్షయ గురించి సైన్సు పుస్తకంలో చదివే ఉంటారు. దాన్ని కలిగించే బాక్టీరియాను జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ కనుగొన్నట్టు 1882 మార్చి 24న ప్రకటించాడు. అందుకే మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా జరుపుతారు, మన హాస్టల్ నుంచి కూడా ప్లకార్డులు పట్టుకుని ర్యాలీకి వెళ్లిన గుర్తు చాలామందికి ఉంటుంది. ఆ ప్రకటన వచ్చి 140 ఏళ్లు దాటింది. మందులు వచ్చి కూడా చాలా కాలమైంది. మామూలు క్షయకు ఆరు నెలలు సరిగ్గా మందులు వాడితే దాదాపు అందరికీ నయమవుతుంది, ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. అయినా 2024లో ప్రపంచంలో సుమారు 1 కోటి 7 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది, 12 లక్షల 30 వేల మంది చనిపోయారు. జబ్బు పడ్డవాళ్లలో నలుగురిలో ఒకరు మన దేశం వాళ్లే.

కారణం తెలిసిన జబ్బు, మందు ఉన్న జబ్బు, మందు ఉచితంగా ఇచ్చే జబ్బు. మరి ఇంతమంది ఎందుకు చనిపోతున్నారు? కారణాలు చాలా ఉన్నాయి. తిండి చాలకపోవడం, గాలి ఆడని ఇళ్లు, బీడీ, సారా, షుగరు, ఎయిడ్స్, ఇలా ఒక్కొక్కదాని మీద ఒక్కో వ్యాసం రాయవచ్చు. మేము మాత్రం ఒక్క మెట్టు దగ్గరే ఆగుతాం. అది పరీక్ష. జబ్బు ఉందని తేలితేనే కదా మందు. తేలే లోపల రోగి ఏమవుతున్నాడు, అతని చేతిలో ఎంత మిగులుతోంది అన్నదే మా ప్రశ్న.

తెమడలో ఏం వెతుకుతారు?

పాత పద్ధతి స్లైడు పరీక్ష. తెమడను గాజు పలక మీద పలుచగా పూసి, కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్రరంగు వేసి వేడి చేస్తారు. తర్వాత ఆమ్లంతో కడుగుతారు. మిగతా బాక్టీరియాలన్నీ రంగు వదిలేస్తాయి, క్షయ బాక్టీరియా మాత్రం వదలదు. దాని ఒంటి మీద మైనపు పొర ఉంటుంది. చివరికి మిథిలీన్ బ్లూ వేస్తే నీలం నేల మీద ఎర్రటి పుల్లల్లా కనబడతాయి. మేము మొదటిసారి మైక్రోస్కోపులో చూసినప్పుడు ఇంత సన్నటి పుల్లలా మనిషిని పడగొట్టేది అనిపించింది.

ఈ పరీక్ష చౌక, కొద్ది రూపాయల రంగులతో అయిపోతుంది. కానీ దీనికి చూపు తక్కువ. ఒక మిల్లీలీటరు తెమడలో ఐదు నుంచి పది వేల దాకా బాక్టీరియాలు ఉంటే గానీ స్లైడు మీద దొరకవు. అంటే జబ్బు బాగా ముదిరినవాడు దొరుకుతాడు, అప్పుడే మొదలైనవాడు తప్పించుకుంటాడు. ఉన్న రోగుల్లో ఇంచుమించు సగం మందికే ఇది పాజిటివ్ చూపిస్తుంది. పిల్లల్లో, ఎయిడ్స్ ఉన్నవాళ్లలో ఇంకా తక్కువ. పైగా దొరికిన బాక్టీరియా మందుకు లొంగుతుందో, మొండిదో ఇది చెప్పలేదు.

కల్చర్ పరీక్షలో బాక్టీరియాను పెంచి చూస్తారు. నమ్మకమైనదే, కానీ క్షయ బాక్టీరియా చాలా నిదానంగా పెరుగుతుంది. గుడ్డు కలిపి తయారుచేసే గట్టి మాధ్యమం మీద పెంచితే ఎనిమిది వారాల దాకా పట్టవచ్చు. దగ్గుతూ తిరిగే కూలిమనిషికి రెండు నెలల తర్వాత వచ్చే రిపోర్టు ఏ పనికి?

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీన్‌ఎక్స్‌పర్ట్ అనే మిషన్‌ను ఆమోదించింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీన్ని సీబీనాట్ అంటారు. ఇది బాక్టీరియాను కంటితో చూడదు, దాని జన్యు పదార్థాన్ని లక్షల రెట్లు పెంచి పట్టుకుంటుంది. తెమడకు ఒక మందు కలిపి కార్ట్రిడ్జ్ అనే ప్లాస్టిక్ డబ్బీలో పోసి మిషన్‌లో పెడితే చాలు. రెండు గంటల లోపల క్షయ ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పనిచేస్తుందో లేదో రెండూ చెబుతుంది. మిల్లీలీటరుకు సుమారు 130 బాక్టీరియాలు ఉన్నా పట్టుకుంటుంది. స్లైడుకు పదివేలు కావాలి, దీనికి నూట ముప్ఫై చాలు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఇంత మంచి పరీక్ష ఉండగా ఇంకా స్లైడు దగ్గరే ఎందుకు ఉన్నాం? 2023లో కూడా ప్రపంచంలో క్షయ ఉందని నిర్ధారించినవాళ్లలో మొదటి పరీక్షగా ఇలాంటి వేగవంతమైన జన్యు పరీక్ష అందినవాళ్లు 48 శాతమే. సమాధానం ధరలో ఉంది.

ఒక ప్లాస్టిక్ డబ్బీ ధర

జీన్‌ఎక్స్‌పర్ట్‌ను తయారుచేసేది అమెరికాలోని సెఫైడ్ కంపెనీ. పేద దేశాల ప్రభుత్వాలకు ఇచ్చే రాయితీ ధరలో కూడా ఒక కార్ట్రిడ్జ్ మొదట్లో 16.86 డాలర్లు. నాలుగు నమూనాలు ఒకేసారి చూసే మిషన్ దాదాపు 17 వేల డాలర్లు. 2012 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థలు, యునిటెయిడ్, గేట్స్ ఫౌండేషన్ కలిసి కంపెనీకి కొంత సొమ్ము కట్టి కార్ట్రిడ్జ్ ధరను 9.98 డాలర్లకు తగ్గించే ఒప్పందం చేసుకున్నాయి. అది 2022 దాకా ధర పెరగకుండా చేసిన ఒప్పందం. పెరగలేదు నిజమే, తగ్గనూ లేదు. ఆ పదేళ్లలో కార్ట్రిడ్జ్‌లు కోట్లలో అమ్ముడుపోయాయి. ఏ వస్తువైనా ఎక్కువగా తయారైతే చౌక కావాలని ఇంటర్ ఎకనామిక్స్ చదివిన తమ్ముళ్లకు కూడా తెలుసు.

‘మెడిసిన్స్ సాన్స్ ఫ్రాంటియర్స్’ అనే అంతర్జాతీయ డాక్టర్ల సంస్థ నిపుణులతో లెక్క వేయించి, ఆ డబ్బీ తయారీకి 5 డాలర్లలోపే అవుతుందని 2019లో బయటపెట్టింది. ‘ఐదు డాలర్లకే ఇవ్వండి’ అంటూ అనేక దేశాల సంఘాలు ఉద్యమం నడిపాయి. ఈ సాంకేతిక విజ్ఞానం తయారుకావడానికి ప్రజల పన్నుల సొమ్ము, దాతృత్వ సంస్థల సొమ్ము కలిపి 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి అయిందని 2021లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ప్రజల సొమ్ముతో కనిపెట్టిన దానికి ప్రజలే మళ్లీ రెట్టింపు ధర ఎందుకు కట్టాలన్నది ఉద్యమకారుల ప్రశ్న. మాకు ఆ ప్రశ్న న్యాయంగానే తోస్తుంది. చివరికి 2023 సెప్టెంబరులో కంపెనీ ధరను 7.97 డాలర్లకు దించింది. మొండి క్షయలో మరిన్ని మందుల సంగతి చెప్పే ఇంకో రకం కార్ట్రిడ్జ్ మాత్రం 14.90 డాలర్ల దగ్గరే ఉండిపోయింది.

ఇక్కడ మేము కాగితం మీద వేసుకున్న ఒక చిన్న లెక్క చెబుతాం. 2012 ఆగస్టులో డాలరు సుమారు 55 రూపాయలు. 9.98 డాలర్లంటే దాదాపు రూ.550. 2023 సెప్టెంబరులో డాలరు సుమారు 83 రూపాయలు. 7.97 డాలర్లంటే దాదాపు రూ.660. డాలర్లలో ధర తగ్గింది, రూపాయల్లో చూస్తే పెరిగింది! పేపర్లో ‘ధర 20 శాతం తగ్గింపు’ అని చదివి సంతోషించేముందు ఏ నోట్లలో లెక్కపెట్టారో చూడాలి.

ధర తగ్గడానికి రెండో దారి సొంతంగా తయారుచేసుకోవడం. గోవాకు చెందిన మాల్‌బయో, దానికి తోడు బెంగళూరులోని బిగ్‌టెక్ కలిసి ట్రూనాట్ అనే మిషన్‌ను తయారుచేశాయి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని కూడా ఆమోదించింది. జీన్‌ఎక్స్‌పర్ట్‌కు నిలకడగా కరెంటు కావాలి, గది మరీ వేడెక్కకూడదు, కార్ట్రిడ్జ్‌లను 28 డిగ్రీలు దాటని చోట దాచాలి. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో అది కుదిరే పనేనా? ట్రూనాట్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఎండను కొంత తట్టుకుంటుంది. కాబట్టి మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా దాన్ని తెచ్చి పెట్టవచ్చు. ఇందులోనూ ఇబ్బంది లేకపోలేదు. నమూనాను సిద్ధంచేసే పని చేత్తో ఎక్కువ చేయాలి, మందుకు లొంగని సంగతి తెలుసుకోవడానికి వేరే చిప్ వేసి మళ్లీ పరీక్షించాలి. అయినా ఆసుపత్రి గడపకు మిషన్ రావడం పెద్ద మార్పే.

ప్రైవేటు ల్యాబు మెట్లెక్కితే

ప్రభుత్వానికి ఇచ్చే రాయితీ ధర ప్రైవేటు ల్యాబులకు లేదు. వాటికి కంపెనీ ధర, దిగుమతి సుంకం, మధ్యవర్తి కమీషను, ఆపైన ల్యాబు లాభం అన్నీ కలిసేవి. మన ఊళ్లలో దగ్గు వస్తే ముందు వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత టౌన్లో ప్రైవేటు డాక్టరు దగ్గరికే కదా. అక్కడ మంచి పరీక్ష ఖరీదు ఎక్కువ కాబట్టి చౌకగా దొరికే పనికిరాని పరీక్ష రాసేవారు.

ఆ పనికిరాని పరీక్ష కథ తప్పకుండా తెలుసుకోవాలి. రక్తంలో ప్రతిరక్షకాలు చూసి క్షయ ఉందో లేదో చెబుతామనే కిట్లు మన దేశంలో విపరీతంగా అమ్ముడుపోయేవి. ఏటా కనీసం 15 లక్షల పరీక్షలు, వాటికి కోటిన్నర డాలర్లు ఖర్చయ్యేవని అంచనా. అవి జబ్బు లేనివాడికి ఉందని, ఉన్నవాడికి లేదని చెప్పేవి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడవద్దని గట్టిగా చెప్పింది. 2012 జూన్‌లో మన కేంద్ర ప్రభుత్వం వాటి దిగుమతి, తయారీ, అమ్మకం అన్నిటినీ నిషేధించింది. పరీక్షను చౌక చేయడం అంటే కొత్త మిషన్ తేవడం ఒక్కటే అనుకుంటాం. పనికిరాని పరీక్షను ఆపడం కూడా చౌక చేయడమే, పైగా దానికి ఒక్క పైసా ఖర్చు లేదు.

నిషేధం తర్వాత ఖాళీ అయిన చోట మంచి పరీక్షను నిలబెట్టడానికి 2013 మార్చిలో ‘ఐపాక్ట్’ అనే కార్యక్రమం మొదలైంది. దీని ఆలోచన మాకు చాలా నచ్చింది. ప్రైవేటు ల్యాబులన్నీ కలిసి పెద్ద సంఖ్యలో కొంటాయి, కాబట్టి కంపెనీలు వాటికి కూడా రాయితీ ధర ఇవ్వాలి. బదులుగా ల్యాబులు ఒక గరిష్ఠ ధరకు మించి రోగి దగ్గర తీసుకోకూడదు, నాణ్యత పాటించాలి, రోగి వివరం ప్రభుత్వానికి తెలియజేయాలి, నిషేధించిన రక్తపరీక్షలు చేయకూడదు. మొదట్లో జీన్‌ఎక్స్‌పర్ట్‌కు పెట్టిన గరిష్ఠ ధర రూ.1,700. అంతకుముందు ధరలతో పోలిస్తే వేర్వేరు పరీక్షల్లో 30 నుంచి 50 శాతం దాకా తగ్గుదల. మన సంతలో నలుగురు కలిసి బస్తా కొని పంచుకుంటే కిలో ధర తగ్గినట్టే ఇది.

కానీ రూ.1,700 కూడా ఎవరికి చౌక? రోజుకూలి మనిషికి అది వారం రోజుల కూలి. కాబట్టి ఐపాక్ట్ మధ్యతరగతికి మేలు చేసింది, మనవాళ్లకు దారి ప్రభుత్వ ఆసుపత్రే అని మా అభిప్రాయం.

మా అమ్మ నోటుపుస్తకం లెక్క

మేము ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా చిన్నాయన బొంబాయిలో మేస్త్రీ పని వదిలి దగ్గుతో ఇంటికి వచ్చాడు. పాలమూరు వైపు వలస సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, దగ్గు టానిక్కు. తగ్గలేదు. తర్వాత టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ ఎక్స్‌రే, ఈఎస్సార్, ఇంకేవో రక్తపరీక్షలు, చివరికి ‘ఇగ్రా’ అనే ఖరీదైన రక్తపరీక్ష. ఇది నిషేధించిన కిట్టు కాదు. క్షయ బాక్టీరియా ఎప్పుడైనా ఒంట్లో చేరిందా అన్నది ఇది చెబుతుంది, ఇప్పుడు జబ్బుగా మారిందా లేదా అన్నది చెప్పదు. మన దేశంలో 15 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 31 మందిలో ఆ బాక్టీరియా నిద్రావస్థలో ఉందని జాతీయ సర్వేలో తేలింది. అంటే జబ్బు లేని ముగ్గురిలో ఇంచుమించు ఒకరికి అది పాజిటివే వస్తుంది. చిన్నాయనకూ పాజిటివే వచ్చింది, అయినా ‘ఖాయంగా చెప్పలేం, వారం ఆగి రండి’ అన్నారు. ఇంత జరిగినా ఒక్కసారి కూడా తెమడ అడగలేదు.

మా అమ్మ సంఘం అప్పు రాసుకునే నోటుపుస్తకంలో ఆ ఖర్చంతా రాసింది. రెండున్నర నెలల్లో రూ.7,400. మరిదికి అప్పు ఇప్పించింది తనే కాబట్టి రాసుకుంది. చివరికి మా ఊరి ఆశా అక్క పోరుపెట్టి సర్కారు దవాఖానకు తీసుకుపోతే సీబీనాట్ చేసి మరునాడే క్షయ అని చెప్పారు. ఆ పరీక్షకు అయిన ఖర్చు సున్నా. ఆరు నెలలు మందులు మింగి చిన్నాయన బాగుపడ్డాడు, ఇప్పుడు పనికి పోతున్నాడు. కానీ ఆ రెండున్నర నెలలూ ఒకే గదిలో నలుగురు పడుకున్నారు. నాలుగేళ్ల చిన్న చెల్లెలికి తర్వాత జ్వరం, బరువు తగ్గడం మొదలైంది. చిన్నపిల్లలు తెమడ ఉమ్మలేరు, మింగేస్తారు. జిల్లా ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీసి పరీక్షించారు. పిల్ల ఏడుపు వార్డంతా వినబడింది. పిల్లలకు మలం నమూనాతోనే జన్యు పరీక్ష చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు ఆమోదించింది. ఆ సౌకర్యం అన్ని ఆసుపత్రులకూ రావాలని మేము కోరుకోవడానికి కారణం ఆ ఏడుపే.

ఇప్పుడు ‘ఉచిత’ పరీక్ష ఖర్చు లెక్కపెడదాం. 2025–26లో ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో నిర్ణయించిన రోజుకూలి రూ.307. రోగి ఒంటరిగా వెళ్లలేడు, తోడు ఒకరు కావాలి. తెమడ ఇవ్వడానికి ఒక రోజు, రిపోర్టుకు ఒక రోజు. ఇద్దరికి రెండు రోజులంటే నాలుగు కూళ్లు, రూ.1,228. ఛార్జీలు, హోటల్లో తిండి వేరే. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం చేశారు, అది కొంత మేలు. కానీ తండా నుంచి బస్సు స్టేజీ దాకా ఆటోకు ఇవ్వాల్సిందే. మిషన్ పాడైంది, రేపు రండి అంటే ఇంకో రెండు కూళ్లు. కార్ట్రిడ్జ్ ధర రూ.660 అయితే, ప్రభుత్వం ఆ డబ్బు పెట్టి ఉచితంగా చేసే పరీక్షకు పేదవాడు తన వంతుగా దానికి రెట్టింపు పెడుతున్నాడు.

2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ క్షయ సర్వేలో లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది అసలు వైద్యానికే వెళ్లలేదని తేలింది. ఎందుకు వెళ్లలేదని అడిగితే 68 శాతం మంది లక్షణాలను పట్టించుకోలేదు అన్నారు. డబ్బులేక అన్నవాళ్లు 2 శాతమే. దీన్ని చూసి పేదవాళ్లకు నిర్లక్ష్యం ఎక్కువ, డబ్బు సమస్య కాదు అని తేల్చేయడం తేలిక. మేము ఒప్పుకోం. దగ్గు కోసం రెండు రోజుల కూలి వదులుకోలేని మనిషి ‘డబ్బుల్లేక పోలేదు’ అని సర్వే బాబుతో అనడు, ‘అదే తగ్గుతుందిలే అనుకున్నా’ అంటాడు. మన ఇళ్లల్లో ఆ మాట ఎన్నిసార్లు వినలేదు?

ఇంకో పాత సంగతి ఉంది. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ అనే పరిశోధకులు కర్ణాటకలోని తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఉన్నవాళ్లను కలిసి మాట్లాడి 1963లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో సగానికి పైగా రోగులు అప్పటికే వైద్యం కోసం వెళ్లి వచ్చినవాళ్లే. వాళ్లకు తెమడ పరీక్ష చేయకుండా దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపేశారు. చిన్నాయనకు జరిగిందీ అదే, మధ్యలో యాభై ఏడేళ్లు గడిచాయి అంతే.

మనిషి బదులు డబ్బా ప్రయాణిస్తే

మిషన్‌ను ప్రతి ఊరికీ తేలేం. అలాగని మనిషిని మిషన్ దగ్గరికి రప్పిస్తే కూలి పోతుంది. మధ్యేమార్గం తెమడను పంపడం. ఆశా కార్యకర్త ఊళ్లోనే తెమడ తీసుకుని, మూత గట్టిగా ఉన్న ట్యూబులో పోసి, మూడు పొరలుగా కట్టి, చల్లదనానికి జెల్ ప్యాక్ పెట్టి పంపితే రోగి ఇంట్లోనే ఉండవచ్చు. 2018లో ఢిల్లీలో పోస్ట్‌మ్యాన్ల ద్వారా నమూనాలు పంపే ప్రయోగం కూడా చేశారు. ఉత్తరాలు తగ్గిపోయిన కాలంలో పోస్ట్‌మ్యాన్‌కు ఇది మంచి పనే. ఈ పద్ధతిలో ఖర్చు ప్రభుత్వానిది, అదీ కొద్దిపాటి మోత కూలి. రోగికి నాలుగు కూళ్లు మిగులుతాయి. మా దృష్టిలో పరీక్షను చౌక చేసే మార్గాలన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, ఎందుకంటే ఎవరూ లెక్కలో రాయని ఖర్చును ఇదొక్కటే తగ్గిస్తుంది.

ఎక్స్‌రే సంగతి కూడా చెప్పాలి. అదే జాతీయ సర్వేలో దొరికిన రోగుల్లో 42.6 శాతం మంది ఎక్స్‌రే తీయకపోతే దొరికేవాళ్లే కాదు, దగ్గు లాంటి లక్షణాలేవీ వాళ్లు చెప్పలేదు. చేత్తో మోసుకెళ్లే చిన్న ఎక్స్‌రే మిషన్లు ఇప్పుడు వచ్చాయి, ఫోటోను కంప్యూటరే చదివి అనుమానం ఉన్నవాళ్లను ఏరుతుంది. దీన్ని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. అందరికీ ఎక్స్‌రే, అనుమానం వచ్చినవాళ్లకే ఖరీదైన జన్యు పరీక్ష అంటే కార్ట్రిడ్జ్‌లు ఆదా.

నలుగురి తెమడ ఒకే డబ్బీలో

ఇది లెక్కల తమ్ముళ్లకు ఇష్టమైన భాగం అవుతుంది. 1943లో అమెరికా సైన్యంలో చేరేవాళ్లకు సుఖవ్యాధి రక్తపరీక్ష చేయాల్సి వచ్చినప్పుడు డార్ఫ్‌మన్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఒక ఉపాయం చెప్పాడు. ఒక్కొక్కరికి విడిగా ఎందుకు, కొందరి రక్తం కలిపి ఒక్కసారి చూడండి, నెగెటివ్ వస్తే అందరూ మంచివాళ్లే, పాజిటివ్ వస్తే ఆ గుంపువాళ్లకు మాత్రం విడివిడిగా చేయండి. కరోనా కాలంలో 2020లో మన ఐసీఎంఆర్ కూడా దీనికి అనుమతించింది. క్షయలోనూ ఇది పనికొస్తుంది.

ఇరవై మంది ఉన్నారనుకోండి. విడిగా చేస్తే 20 కార్ట్రిడ్జ్‌లు. నలుగురు చొప్పున కలిపితే 5 గుంపులు, 5 కార్ట్రిడ్జ్‌లు. ఇరవైలో ఒక్కరికే జబ్బు ఉంటే ఒక గుంపే పాజిటివ్. ఆ నలుగురికి మళ్లీ 4. మొత్తం 9. సగం కంటే ఎక్కువ ఆదా. కానీ జబ్బున్నవాళ్లు ఐదుగురు ఉండి, ఐదు గుంపుల్లోనూ ఒక్కొక్కరు పడితే? 5 గుంపు పరీక్షలు, ఆపైన అందరికీ విడిగా 20, మొత్తం 25. ఆదా లేకపోగా అయిదు ఎక్కువ! కాబట్టి జబ్బు అరుదుగా ఉన్నచోట, అంటే ఊరంతా తిరిగి పరీక్షించేటప్పుడు ఈ ఉపాయం పనికొస్తుంది. వారాల తరబడి దగ్గుతూ ఆసుపత్రికి వచ్చినవాళ్లలో పనికిరాదు. ఇంకో లోపం, నలుగురి తెమడ కలిస్తే బాక్టీరియా పలుచనై, కొద్దిగా మాత్రమే ఉన్నవాడు తప్పిపోవచ్చు. డబ్బు ఆదా కోసం ఒక రోగిని వదులుకోవడం సరైనదేనా అంటే, ఆ డబ్బుతో ఇంకో పదిమందిని పరీక్షించగలిగితేనే సరైనది. దీని మీద మా క్లాసులో గంటసేపు వాదన జరిగింది, తేలలేదు.

తెమడ ఎలా ఇవ్వాలి?

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం, వీటిలో ఏది ఉన్నా తెమడ పరీక్ష చేయించాలి. మన డార్మిటరీలో ఒక గదిలో ఎంతమంది పడుకుంటామో మీకే తెలుసు. దగ్గుతున్న తమ్ముడు చెబితే ఇంటికి పంపేస్తారని భయపడి దాచుకోకుండా చూడాల్సింది గదిలో పెద్దవాళ్లే. వివరాలకు ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666 ఉంది. క్షయ తేలినవాళ్లకు తిండి కోసం నెలకు ఇచ్చే రూ.500ను 2024 నవంబరు నుంచి రూ.1,000 చేశారు, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి అది అడిగి తీసుకోవాలి.

ఎంత మంచి మిషన్ అయినా డబ్బాలో ఉమ్మి పోసి ఇస్తే ఆ కార్ట్రిడ్జ్ వృథా. ఉమ్మి వేరు, తెమడ వేరు. తెమడ చిక్కగా, ఊపిరితిత్తుల లోపలి నుంచి రావాలి. ఉదయం లేవగానే ఇచ్చేది మేలు. ముందు మామూలు నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట, పక్కన ఎవరూ లేనిచోట నిలబడి రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, ఆ తర్వాత లోతుగా దగ్గి డబ్బాలోకి తీయాలి. కనీసం రెండు మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాలో సగం దాకా ఉండాలి. డబ్బా అంచుకు, బయటకు అంటకుండా చూసి మూత బిగించాలి. పేరు, వయసు డబ్బా ఒంటి మీద రాయించాలి, మూత మీద కాదు. ల్యాబులో మూతలు తీసి పక్కన పెట్టినప్పుడు ఒకరివి ఒకరికి మారిపోతాయి.